పాత పెళ్లి డీవీడీలను కంప్యూటర్‌లో ఎలా దాచుకోవాలి?
ముందు డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైలుగా (డిస్క్‌కు అచ్చు నకలు) తీసి పెట్టుకోండి, ఎంపీ4 వీడియోగా మార్చే సంగతి తర్వాత. విండోస్‌లో అందుకు ఇమ్‌జ్‌బర్న్ అనే ప్రోగ్రామ్ చాలు. మామూలు డిస్క్‌కు 4.7 జీబీ దాకా చోటు కావాలి. వీడియోగ్రాఫర్ రాసిచ్చిన డిస్కులకు సాధారణంగా కాపీ లాక్ ఉండదు.

డిస్క్ లోపల వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు ఒక్కోటి 1 జీబీ దగ్గర తెగిపోతాయి. విడివిడిగా మారిస్తే సరిగ్గా తాళి కట్టేచోటే తెగొచ్చు! అందుకే ఎంపీ4గా మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్‌కు ఐఎస్ఓనే ఇవ్వండి. అందులో డీఇంటర్‌లేస్ ఆప్షన్ ఆన్ చేయకపోతే మనుషులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి.

కాపీ మధ్యలో ఆగితే డిస్క్‌ను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా వద్దు. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి; ఒక డ్రైవ్ చదవలేనిది మరొకటి చదవొచ్చు. అప్పటికీ మొరాయిస్తే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్ వాడండి. చదవగలిగినదంతా ముందు తీసుకుని, పాడైన చోట్లను తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది.