రాత్రయితే తీపి మీదికి మనసు లాగుతోంది

ప్రశ్న: నా వయసు 41. రక్తపరీక్షలో షుగర్ సరిహద్దులో ఉందని చెప్పి డాక్టర్ తీపి తగ్గించమన్నారు. పగలంతా నిగ్రహంగానే ఉంటాను, మధ్యాహ్నం భోజనం కూడా సగం మానేస్తున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక మాత్రం వంటింట్లోకి వెళ్లి తీపి తినేస్తున్నాను. ఆ తర్వాత ఏడుపొస్తుంది. ‘నీకు మనసు మీద అదుపే లేదు’ అని మావారు పిల్లల ముందే అంటున్నారు. దాంతో ఇప్పుడు దాచుకుని తింటున్నాను. నేను నిజంగానే అంత బలహీనురాలినా?

జవాబు: కాదు. తీపి తినడం కన్నా, మీ సొంత ఇంట్లో మీరు దాచుకుని తినాల్సి రావడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఆ సంగతి కూడా మాట్లాడుకుందాం. ముందు ఆ అర్ధరాత్రి మీ తలలో ఏం జరుగుతోందో చెబుతాను.

మెదడు ముందుభాగంలో, కింద మధ్యగా ఒక చోటు ఉంది. ఎదురుగా ఉన్న వస్తువు మనకు ఎంత కావాలో విలువ కట్టే పని అక్కడ జరుగుతుంది. అదే ముందుభాగంలో పైకి, పక్కకు ఉన్న ఇంకో చోటు మనం పెట్టుకున్న లక్ష్యాలను గుర్తుంచుకుంటుంది. 2009లో టాడ్ హేర్, కాలిన్ కామెరర్, ఆంటోనియో రాంజెల్ అనే పరిశోధకులు ఆహార నియమం పాటిస్తున్నవాళ్లు ఏది తినాలో ఎంచుకుంటుండగా వాళ్ల మెదడును స్కాన్ చేశారు. నిగ్రహించుకోగలిగినవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ విలువ కట్టేది ఆ ఒక్క చోటే. కాకపోతే నిగ్రహించుకోలేనివాళ్లలో ఆ లెక్కలోకి రుచి ఒక్కటే వచ్చింది. నిగ్రహించుకున్నవాళ్లలో రుచితోపాటు ఆరోగ్యం కూడా వచ్చి చేరింది, లక్ష్యాన్ని గుర్తుంచుకునే చోటు కూడా బాగా పనిచేసింది. అంటే వాళ్లు కోరికను లోపల అణిచిపెట్టేసి కూర్చోలేదు. ఆరోగ్యం సంగతి లెక్కలోకి రావడంతో ఆ తిండి విలువే వాళ్లకు తగ్గింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నిర్ణయం తీసుకునేటప్పుడు రుచి సంగతి ముందు వస్తుంది, ఆరోగ్యం సంగతి సగటున సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వస్తుందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. చేయి తొందరపడితే రుచి మాటే నెగ్గుతుంది. అందుకే తీపి కనబడగానే ‘తినకూడదు’ అని మీతో మీరు పోట్లాడకండి. ఒక్క నిమిషం ఆగి, ‘ఇది నా ఒంటికి ఏం చేస్తుంది?’ అని అడిగి చూడండి. ఆరోగ్యం గురించి ఆలోచించమని గుర్తు చేస్తే చాలు, మామూలు మనుషులు కూడా మంచి తిండిని ఎక్కువగా ఎంచుకున్నారని 2011లో ఇంకో ప్రయోగంలో తేలింది.

అయితే అర్ధరాత్రి, అలసిపోయి ఉన్న మనిషికి ఈ ఒక్క ప్రశ్న సరిపోకపోవచ్చు. మీరు మధ్యాహ్నం సగం కడుపుతో లేస్తున్నారు, ఆ ఆకలి రాత్రికి వసూలు చేసుకుంటోంది. కాబట్టి డాక్టర్ చెప్పిన ఆహారమే వేళకు, కడుపు నిండా తినండి. వీలైనంతవరకు తీపిని ఇంట్లోకే రానివ్వకండి. తప్పనిసరిగా తెచ్చుకుంటే కంటికి కనబడని చోట పెట్టమనండి. 1970 ప్రాంతంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, మిఠాయి ఎదురుగా లేనప్పుడు వాళ్లు చాలా ఎక్కువసేపు ఓపిక పట్టగలిగారు. పెద్దవాళ్లమైనా మనమూ అంతే.

ఇక మీ వారి సంగతి. ఆయన భయంతోనే అలా అంటున్నారని నా నమ్మకం. కానీ ఆ మాటలు పని చెడగొడుతున్నాయి. 2015లోనే ఇంకొక ప్రయోగంలో కొందరి చేతులను మంచునీళ్లలో ఉంచి, ఒకరు వాళ్లను గమనిస్తూ టెన్షన్ పెట్టారు. ఆ తర్వాత వాళ్లు ఆరోగ్యాన్ని పక్కనబెట్టి రుచివైపే ఎక్కువ మొగ్గారు. ఇందాక చెప్పిన ఆ రెండు చోట్ల మధ్య సంబంధం కూడా బలహీనపడింది. పిల్లల ముందు మాట పడ్డ మనిషికి ఉండే టెన్షన్ తక్కువా? పిల్లలు లేనప్పుడు ఆయనతో కూర్చుని, ‘మీరు తిడితే నేను దాచుకుంటాను, తినడం మాత్రం ఆగదు. తీపి కొనకుండా ఉండండి, భోజనమయ్యాక కాసేపు నాతో నడవండి’ అని స్పష్టంగా అడగండి. పిల్లలకు కూడా అమ్మ ఆరోగ్యం కోసం ఇంట్లో తీపి తగ్గిస్తున్నామని ఆయనే చెబితే మంచిది.

ఒక విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్కసారిగా చాలా ఎక్కువ తినేయడం, మధ్యలో ఆపలేకపోవడం, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా సాగుతుంటే అది బింజ్ ఈటింగ్ అనే సమస్య కావచ్చు. దానికి మానసిక వైద్యుల దగ్గర మంచి చికిత్స ఉంది. ఈసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు రాత్రిపూట తినే సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మీకు ఎలాంటి ఆహారం, ఏ వేళకు కావాలో వాళ్లు దాన్నిబట్టే సరిగ్గా చెప్పగలుగుతారు.