ఎనిమిది రోజుల డబ్బు, మూడేళ్ల గిటార్ లోన్

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 68,000 వస్తుంది. కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను. ఫ్రెండ్స్‌తో కలిసి బ్యాండ్ ఉంది, నెలకి రెండు షోలు, షోకి నా వాటా 3,500. గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ గిటార్ కొనాలన్నది పదేళ్ల కల. షాపులో 2,40,000 చెప్పారు, 5,000 అడ్వాన్స్ ఇచ్చి ఆపించాను. యాప్‌లో ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ చూపిస్తోంది, 15 శాతం వడ్డీ, మూడేళ్లు. పాత లెస్ పాల్‌లు కోట్లు పలుకుతున్నాయి కాబట్టి దీన్ని ఖర్చు అనుకోవడం లేదు, పెట్టుబడే అనుకుంటున్నాను. ఈఎంఐ దాదాపుగా షోల డబ్బుతో వెళ్లిపోతుంది. తీసుకోవచ్చా? (పేరు రాయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి వేశాను.)

జవాబు: లోన్ తీసుకోవద్దు. గిటార్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరమే ఎందుకు తీసుకున్నానంటే, అందులో "పెట్టుబడి" అన్న మాట ఉంది. కెమెరా కొనేవాళ్లూ ఇదే రాస్తారు, బుల్లెట్ బండి కొనేవాళ్లూ ఇదే రాస్తారు, మొన్నొకాయన వాచీ గురించి కూడా ఇదే రాశాడు. మనసుపడి కొనుక్కుంటున్నాను అని రాస్తే నాకేం కోపం లేదు, మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉండాలి. కానీ పెట్టుబడి అని పేరు పెట్టగానే అప్పు చేయడానికి మనసు ఒప్పుకుంటుంది చూశారా, అక్కడొచ్చింది తంటా.

పాత లెస్ పాల్‌లు కోట్లు పలకడం నిజమే. ఏవి పలుకుతున్నాయి, ఎందుకు పలుకుతున్నాయి అన్నది కూడా చూడాలి కదా. ఈ మోడల్ 1952లో వచ్చింది. కోట్లు పలికేవి ముఖ్యంగా 1958 నుంచి 1960 మధ్య సన్‌బర్స్ట్ రంగులో (మధ్యలో లేతగా, అంచులకి ముదురుగా) వచ్చినవి, రెండు వేలు కూడా దాటవు. అప్పట్లో అవి సరిగా అమ్ముడుపోలేదు. బరువెక్కువ, ధరెక్కువ. కంపెనీ ఆ ఆకారాన్నే పక్కనపెట్టి 1961లో రెండు కొమ్ములున్న పల్చటి బాడీ తెచ్చింది, ఇవాళ మీరంతా ఎస్‌జీ అంటున్నది దాన్నే. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఎరిక్ క్లాప్టన్ లాంటి గిటారిస్టులు ఆ మూలనపడ్డ గిటార్లనే తీసి వాయించేసరికి జనం వాటికోసం ఎగబడ్డారు, 1968లో గిబ్సన్ మళ్లీ తయారీ మొదలుపెట్టింది. అంటే కొనేవాడు లేక ఆగిపోయింది కాబట్టి తక్కువున్నాయి, తక్కువున్నాయి కాబట్టి ఆ రేటు. మీరు అడ్వాన్స్ ఇచ్చింది ఇవాళ ఫ్యాక్టరీలో వరసగా తయారవుతున్న గిటార్‌కి. షాపు గుమ్మం దాటగానే అది సెకండ్ హ్యాండ్. పైగా దాని తల వెనక్కి 17 డిగ్రీలు వంగి ఉంటుంది, మెడేమో మహాగనీ చెక్క, సరిగ్గా తలా మెడా కలిసేచోట ట్రస్ రాడ్ (మెడ వంగకుండా లోపల పెట్టే కడ్డీ) కోసం చెక్క తొలిచి ఉంటుంది, కాబట్టి స్టాండ్ మీంచి ఒక్కసారి పడితే విరిగేది అక్కడే. అతికించుకోవచ్చు, వాయించుకోవచ్చు కూడా. కానీ అమ్మబోతే కొనేవాడు ముందు చూసేది ఆ అతుకునే. పబ్బుల్లో, కేబుళ్ల మధ్య, చీకట్లో వాయించే మనిషి మీరు. ఇలాంటి పెట్టుబడిని నెలకి రెండుసార్లు స్టేజీ ఎక్కిస్తారా?

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ గిబ్సన్ కంపెనీయే 2018 మే నెలలో అమెరికాలో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది. గిటార్లు అమ్ముడుపోక కాదు. గిటార్లు చేసుకోకుండా ఆడియో, హెడ్‌ఫోన్ల వ్యాపారాల్లోకి దిగి, 2014లో ఫిలిప్స్ ఆడియో వ్యాపారాన్ని కొని, అప్పులు నెత్తిన పెట్టుకుంది. గిటార్ చేసేవాళ్లనే అప్పు ముంచితే, కొనేవాళ్ల సంగతి ఏం చెప్పమంటారు.

సరే, మీ లెక్కకే వద్దాం. 2,40,000కి 15 శాతం వడ్డీతో 36 నెలలంటే ఈఎంఐ దాదాపు 8,320. మొత్తం కట్టేది 2,99,500 పైన. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం వేసుకున్నా, దానిమీద జీఎస్టీతో కలిపి ఇంకో 5,664. అంటే గిటార్ ధర కాకుండా 65,000 ఉత్త పుణ్యానికి పోతుంది. షోల డబ్బు నెలకి 7,000. దాదాపు వెళ్లిపోతుంది అని మీరు రాసిన ఆ "దాదాపు" నెలకి 1,320 లోటు. మూడేళ్లలో 72 షోలు, ఒక్కటీ క్యాన్సిల్ కాకుండా, డ్రమ్మర్ పెళ్లి చేసుకుని బెంగళూరు వెళ్లిపోకుండా, మీకు రిలీజు పనులు నైట్ షిఫ్టులో పడకుండా జరిగితేనే ఆ లెక్క. అలా జరిగినా 2,52,000 వస్తుంది, సరిపోదు.

2019లో ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, పెళ్లిళ్లకి ఫొటోలు తీసి కట్టేస్తానని లక్షన్నర పెట్టి కెమెరా, లెన్సులు లోన్‌లో తీసుకున్నాక వచ్చాడు. ముందే వస్తే ఆపేవాణ్ని. నాలుగు నెలలు బాగానే నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి. రిజర్వు బ్యాంకు మారటోరియం ఇచ్చింది, ఆగస్టు దాకా వాయిదాలు ఆగాయి కానీ వడ్డీ ఆగలేదు. ఆ కెమెరా చివరికి సగం ధరకి పోయింది, లోన్ మాత్రం ఇంకో ఏడాది నడిచింది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు గిటార్ గురించి పేజీన్నర రాశారు, బ్యాంకులో ఎంతుందో మాత్రం చివర్లో ఒక్క లైనులో రాశారు. 46,000. మీరు పంపిన ఖర్చుల పట్టిక ముందు పెట్టుకున్నాను: మియాపూర్‌లో అద్దె వాటా 12,000, ఖమ్మంలో అమ్మానాన్నలకి 15,000, తిండి, పెట్రోలు, ఫోను బిల్లులు 18,000, బైకు ఈఎంఐ 5,200, ఫోను ఈఎంఐ 3,500. ఇవి ఉద్యోగం ఉన్నా లేకపోయినా తప్పనివి, నెలకి 53,700. ఆ లెక్కన మీ 46,000 ఇరవై ఆరు రోజులకి సరిపోతుంది. అదీ నిజం కాదు, ఎందుకంటే క్రెడిట్ కార్డు మీద 31,000 బాకీ ఉంది, మినిమం డ్యూ కడుతూ నెట్టుకొస్తున్నానని మీరే రాశారు. అది తీసేస్తే మిగిలేది 15,000. ఎనిమిది రోజులు.

ఎనిమిది రోజుల డబ్బు చేతిలో పెట్టుకుని మూడేళ్ల అప్పుకి సంతకం పెడతానంటున్నారు నాయనా! మీది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్రాజెక్ట్ పోతే బెంచ్, అంటే పని లేకుండా కూర్చోబెట్టడం, బెంచ్ తర్వాత ఏంటో మీకే బాగా తెలుసు. కొత్త ఉద్యోగం దొరకడానికి మూడు నెలలు పడుతుందా, ఆరా? ఆ మధ్యలో లెస్ పాల్ అమ్మి అద్దె కడతారా? అప్పుడు కొనేవాడికి మీ అవసరం మొహంలోనే కనిపిస్తుంది, వాడు అడిగిన రేటుకే ఇస్తారు. ఎమర్జెన్సీ ఫండ్ గురించి నేను పాడిందే పాట అని నన్ను వెక్కిరిస్తుంటారు, పాడతాను, మళ్లీ పాడతాను. మీకు ఆరు నెలలకి 3,22,200 కావాలి. మొదట మూడు నెలలది, 1,61,100, పోగయ్యేదాకా మీరు గిటార్ షాపుల వైపు వెళ్లకండి, ఆ వీడియోలు చూడటం కూడా తగ్గించండి.

కార్డు బాకీ ఇవాళే కట్టేయండి. నెలకి మూడున్నర శాతం అనుకున్నా 31,000 మీద 1,085 వడ్డీ, దానిమీద జీఎస్టీ, మొత్తం 1,280. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికీ గడువు దొరకదు, మొదటి రోజు నుంచే వడ్డీ. మీ బైకు ఈఎంఐలో నాలుగో వంతు ఊరికే పోతోంది, అది మీకు కనిపించట్లేదు.

తర్వాత నాన్నగారు. వయసు 61, షుగర్ ఉంది, ఆయనకి ఏ పాలసీ లేదు. మీ కంపెనీ కవర్ మీ ఒక్కడికే, ఉద్యోగంతో పాటే పోతుంది. ఆయన ఆసుపత్రిలో చేరితే ముందు కదిలేది మీ జీతమే కదా. ఏప్రిల్‌లో వచ్చే 60,000 బోనస్‌తో ఆంప్లిఫైయర్ కొంటానన్నారు, దాన్నుంచి ముందు అమ్మానాన్నల హెల్త్ పాలసీ ప్రీమియం కట్టండి. ఆ వయసుకి ప్రీమియం ఎక్కువే ఉంటుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్టీ లేదు కాబట్టి కాస్త నయం. షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఆ మూడేళ్లు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఈలోగా ఖమ్మంలో వాళ్లకి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో కనుక్కోండి.

మీరడిగిన మిగతావి. నో కాస్ట్ ఈఎంఐ: వడ్డీని డిస్కౌంట్ పేరుతో సర్దుతారు, వడ్డీ మీద జీఎస్టీ, ఫీజు మీరే కడతారు, వద్దు. సెకండ్ హ్యాండ్ లెస్ పాల్: డబ్బు చేతిలో ఉన్న రోజున చూడొచ్చు, తెలిసినవాణ్ని తీసుకెళ్లి మెడ చూపించుకోండి. అమ్మ గాజుల మీద గోల్డ్ లోన్, వడ్డీ తక్కువ కదా అన్నారు, దీనికి నేను రాయాలనుకున్న జవాబు ఇక్కడ అచ్చు వేయరు.

ఇక ఏం చేయాలంటే, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే డబ్బు) పోగా మీకు నెలకి మిగులుతున్నది 9,300. ఆ 5,000 సిప్ కొన్నాళ్లు ఆపండి, మ్యూచువల్ ఫండ్ సలహాదారులు నన్ను తిట్టుకున్నా సరే. మొత్తం 14,300 విడిగా ఒక స్వీప్ ఇన్ ఖాతాలో (మిగులు డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే సేవింగ్స్ ఖాతా), కార్డు కట్టాక మిగిలిన 15,000 పక్కన వేస్తూ పోండి. పది నెలలకి మీ మూడు నెలల ఖర్చు దాదాపు చేరిపోతుంది. అయిదు నెలల్లో ఫోను ఈఎంఐ అయిపోతుంది కాబట్టి ఇంకా ముందే కూడా చేరొచ్చు. షోల డబ్బు మాత్రం నేను ముట్టుకోను, అది మీ వేళ్లతో సంపాదించింది, గిటార్‌కే పోవాలి. వేరే ఖాతాలో వేయండి, పది నెలలకి 70,000.

ఆ 70,000తో ఏమొస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఎపిఫోన్ అనే గిటార్ బ్రాండ్ కూడా గిబ్సన్ వాళ్లదే, 1957 నుంచి. అదే ఆకారం, రెండు హంబకర్లు (తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు), లెస్ పాల్ అన్న పేరు కూడా. నా దగ్గరికి వచ్చే ఒక సెషన్ గిటారిస్ట్‌ని మీ కేసు చెప్పి అడిగాను, ఆయన నవ్వి, అరువు తెచ్చుకున్న చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో రెండున్నర లక్షల గిటార్ గుచ్చితే ఏం వినిపిస్తుంది, ముందు ఉన్న యమహా గిటార్‌కి మంచి సెటప్ (తీగల ఎత్తు, మెడ సరిచేయడం) చేయించి కొత్త తీగలు వేయమనండి అన్నాడు. వాయించేవాడి మాట అది, నాది కాదు. ఎపిఫోన్ చాలదు, గిబ్సనే కావాలంటే షోల ఖాతా అలాగే నడపండి, ఇప్పటి రేటుకైతే మూడేళ్లు దాటకుండా రొక్కానికి కొనేస్తారు. లోన్ తీర్చడానికీ మూడేళ్లే పట్టేది.

అడ్వాన్స్ 5,000 పోతుందేమో అని భయపడుతూ రాశారు. రేపు షాపుకి వెళ్లి తిరిగి ఇమ్మని అడగండి. ఇవ్వనంటే ఆ డబ్బుకి తీగలు, కేబులు, మీ యమహాకి సెటప్ చేసివ్వమనండి. దానికీ ఒప్పుకోకపోతే పోనివ్వండి. ఆ 5,000 కాపాడుకోవడానికి 65,000 కట్టబోతున్నారు మీరు.