లా ఫర్మ్ అడ్మినిస్ట్రేటర్‌కు సంఘం పదవి పనికొస్తుందా?

లా ఫర్మ్‌ల (లాయర్ల సంస్థల) ఆఫీసు నిర్వహణ చూసే అడ్మినిస్ట్రేటర్లకు అమెరికాలో 1971లో మొదలైన సంఘం అసోసియేషన్ ఆఫ్ లీగల్ అడ్మినిస్ట్రేటర్స్. దానికి స్థానిక చాప్టర్లు, అంటే శాఖలు, ఉన్నాయి. అక్కడ జీతం లేని పదవి తీసుకుంటే ఉద్యోగంలో ఎదుగుదలకు పనికొస్తుందా అంటే, తప్పకుండా. ఏ పని ఎంచుకున్నారన్నదే ముఖ్యం.

నేరుగా అధ్యక్ష పదవికి పోకండి. ముందు ఏడాదిపాటు ఏదైనా కమిటీలో చేయండి. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది కోశాధికారి పనే: నెలనెలా బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ప్రతి చెల్లింపుకూ టిక్కు పెట్టడం, స్పాన్సర్ డబ్బు చేతికి రాకముందే హాలుకు అడ్వాన్సు కట్టాలా వద్దా తేల్చుకోవడం. ఆఫీసులో పార్ట్‌నర్ల, అంటే ఫర్మ్ యజమానులైన లాయర్ల, చేతిలో ఉండే నిర్ణయాలివి. ఈ సంఘమే అడ్మినిస్ట్రేటర్లకు పెట్టే సర్టిఫైడ్ లీగల్ మేనేజర్ పరీక్షలో ఆర్థిక నిర్వహణా ఉంటుంది కాబట్టి ఆ చదువూ తేలికవుతుంది.

దెబ్బతినేది అప్పగింతల్లో. పాస్‌వర్డులు, ఒప్పందాలు పాతవారి మెయిల్‌లోనే ఉండిపోతాయి. అందుకే నెల ముందునుంచే కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి. నెలకు ఎన్ని గంటలు కేటాయిస్తారో మేనేజింగ్ పార్ట్‌నర్‌తో ముందే మాట్లాడుకోండి.