కుండీలో కోకో మొక్క

ప్రశ్న: ఏలూరు దగ్గర బంధువుల కొబ్బరితోట నుంచి తెచ్చిన కోకో మొక్కను హైదరాబాద్‌లో మా డాబాపై కుండీలో పెంచుతున్నాము. ఆకుల అంచులు మాడుతున్నాయి, కొత్త చిగుళ్లు ఎర్రబడి వేలాడుతున్నాయి. ఇది కాయలు కాస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చిగుళ్ల గురించి దిగులు పడకండి. కోకో లేత ఆకులు సహజంగానే ఎర్రగా, మెత్తగా వేలాడుతూ వచ్చి, ముదిరాక పచ్చబడి నిటారవుతాయి. అంచులు మాడడం మాత్రం పట్టించుకోవలసిన విషయమే. అమెజాన్ అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి కనుక, మీ బంధువుల తోటలో కొబ్బరి మట్టల కింద హాయిగా ఉన్న ఈ మొక్కకు డాబా మీది ఎండా వడగాలీ శిక్షతో సమానం. తూర్పు వైపు వరండాలోకి మార్చండి, లేదా సగం వెలుతురును ఆపే షేడ్‌నెట్ కట్టండి. బోరునీటిలోని ఉప్పు కూడా అంచులను మాడుస్తుంది కాబట్టి వీలైనంతవరకు వాననీరు పోయండి. మట్టి తడిగా ఉండాలి గాని నీరు నిలవకూడదు. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే ఇంట్లోకి తీసుకోండి.

పూలు కొమ్మల చివర కాక, కాండం మీదే చిన్న గుత్తులుగా పూస్తాయి. కనుక అక్కడి బుడిపెలను గీకవద్దు. కోకో చెట్లలో చాలావాటికి సొంత పుప్పొడితో కాయ కట్టదు. అందువల్ల రెండో మొక్కను, వీలైతే వేరే రకాన్ని, పక్కన పెంచి, పూలు విచ్చిన ఉదయమే సన్నని కుంచెతో దాని పుప్పొడిని అద్దండి. నిలిచిన పిందె పండడానికి అయిదారు నెలలు పడుతుంది.