ఏఐ ఏజెంట్ రాసిన కోడ్‌ను ఎలా నమ్మాలి? లియోనార్డో డి మౌరా పరిశోధన

ఏఐ ఏజెంట్ (ఇచ్చిన పనిని సొంతంగా చేసే ఏఐ ప్రోగ్రాము) రాసిన కోడ్ సరైనదేనని ఎవరు హామీ ఇవ్వగలరన్న ప్రశ్నకు, బ్రెజిల్‌కు చెందిన లియోనార్డో డి మౌరా పరిశోధనా జీవితమే మంచి సమాధానమని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో నికొలాయ్ బ్యోర్నర్‌తో కలిసి ఆయన రూపొందించిన జెడ్3 అనే తర్క సాధనం, ప్రోగ్రాము ఏ విలువల దగ్గర తప్పుతుందో వెతికి చూపగలదు. ఉదాహరణకు 32 బిట్ల పూర్ణాంకాల్లో 150 కోట్లు, 160 కోట్ల సగటు కోసం ముందు ఆ రెంటినీ కూడితే, మొత్తం 214 కోట్ల పైచిలుకు ఉండే గరిష్ఠ పరిమితిని దాటి ఋణసంఖ్యగా మారిపోతుంది. వేల పరీక్షలు పెట్టినా బయటపడకపోగల ఇలాంటి లోపం తర్కానికి దొరికిపోతుంది.

ప్రోగ్రాములు, గణిత సిద్ధాంతాలు సరైనవని నిరూపించడానికి 2013లో ఆయన మొదలుపెట్టిన లీన్ అనే భాష ఇంకా ముందుకు వెళ్లింది. ఇందులో నిరూపణను మనిషి రాసినా యంత్రం రాసినా, ప్రతి మెట్టునూ కెర్నెల్ అనే చిన్న ప్రోగ్రాము తనిఖీ చేస్తుంది కాబట్టి, రాసినవారిని నమ్మవలసిన అవసరమే ఉండదు. 2024 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లోని ఆరు లెక్కల్లో మూడింటికి గూగుల్ డీప్‌మైండ్ వారి ఆల్ఫాప్రూఫ్ అనే ఏఐ ఇచ్చిన నిరూపణలు లీన్‌లో సరిచూసినవే. అయితే ఆ లెక్కలను లీన్ భాషలోకి మార్చింది మనుషులే. మనం అడిగినదే తప్పయితే కెర్నెల్ దానిని పట్టుకోలేదు; ఏజెంట్ ఏమి నిరూపించాలో స్పష్టంగా రాసి ఇవ్వడమే ఇప్పుడు అసలు కష్టమైన పని.