సెలబ్రిటీ జంటను అందరూ తిడుతున్నారు సరే, మనం వెళ్తే ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ర్యాపర్ కాన్యే వెస్ట్, ఆయన భార్య బియాంకా సెన్సోరి ఇటలీలో తిరిగిన తీరు మీద, ఆమె బట్టల మీద అంత రచ్చ జరిగింది కదా, అది నిజంగా చట్టం ఒప్పుకోని పనా, లేక జనం నోరా? పెళ్లయ్యాక మొదటిసారి మీ ఇద్దరూ విశాఖ నుంచి బయటి దేశం వెళ్దామనుకుంటున్నారు. బ్యాంకాకా, బాలీయా, దుబాయా, ఇటలీయా ఇంకా తేలలేదు. మీ ఆయనేమో “అంత పెద్దవాళ్లనే ఏమీ చెయ్యలేదు, మననెవరు పట్టించుకుంటారు” అంటున్నారు. మీ అత్తగారేమో సూట్‌కేసులో స్లీవ్‌లెస్ కనిపిస్తే చాలు మొహం ముడుచుకుంటున్నారు.

దేశం పేరు చెప్పి అక్కడ ఏం వేసుకోవచ్చని అడిగితే ఎవరిచ్చిన జవాబూ అక్కరకు రాదు. అడగాల్సింది గడప గురించి. ఒకే ఊళ్లో బీచ్ ఇసుక ఒక గడప, దాని పక్క రోడ్డు ఇంకోటి, మాల్ ఇంకోటి, గుడి ఇంకోటి. రుషికొండ ఇసుకలో ఎవరికీ పట్టని నిక్కరు సింహాచలం క్యూలో నలుగురి కంట్లో పడుతుంది కదా, అక్కడా అదే లెక్క. కాకపోతే ఇక్కడ చూపులతో పోయేది అక్కడ జరిమానా రసీదు దాకా వెళ్లొచ్చు.

ముందు ఆ జంట సంగతి. 2023 ఆగస్టు చివర్లో వెనిస్‌లో అద్దె పడవలో వెళ్తూ అసభ్యంగా ప్రవర్తిస్తున్నట్టు కనిపించే ఫొటోలు బయటికొచ్చాయి. ఆ పడవ సంస్థ వాళ్లిద్దరినీ ఇక ఎప్పటికీ ఎక్కించుకోబోమని ప్రకటించింది. దాంతోపాటు, అంతకుముందు వీధుల్లో ఆమె వేసుకున్న ఒంటికి అతుక్కునే పలుచటి బట్టల మీద కూడా విమర్శ మొదలైంది. జనం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టారు గానీ, చట్టం దృష్టిలో అవి రెండూ ఒకటి కావు. బహిరంగంగా అశ్లీలమైన పని చేయడం ఇటలీ శిక్షాస్మృతి 527వ నిబంధన కిందికి వస్తుంది. 2016 నుంచి మామూలుగా అది నేరం కాదు, పరిపాలనా జరిమానా మాత్రమే. అయితే ఆ జరిమానా 5,000 నుంచి 30,000 యూరోలు. కనీసం వేసినా మన డబ్బుల్లో దగ్గర దగ్గర 5 లక్షలు. పిల్లలు తరచూ వచ్చే చోటో, దాని దగ్గర్లోనో జరిగి, వాళ్ల కంట పడే ప్రమాదం ఉంటే అది ఇప్పటికీ నేరమే, జైలు శిక్షే. పలుచటి బట్ట వేసుకోవడం మాత్రం మామూలుగా ఇందులోకి రాదు. దాని మీద వచ్చింది ఎక్కువగా జనం తిట్లే.

మీలాంటివాళ్లకు ఇటలీలో తగిలేది 527 కాదు, ఊరి మునిసిపాలిటీ పెట్టే చిన్న నిబంధనలు. వెనిస్ వీధుల్లో చొక్కా లేకుండా గానీ, ఈత దుస్తుల్లో గానీ తిరిగితే 250 యూరోలు. కాలువలో దిగి ఈత కొడితే 350. నేపుల్స్ పక్కనున్న సొరెంటోలో 2022 నుంచి బికినీతో, చొక్కా లేకుండా ఊళ్లో తిరిగితే 500 యూరోల వరకు వేస్తామని మేయర్ ఉత్తర్వు ఇచ్చారు. చూడండి, ఇవన్నీ సముద్రం పక్క ఊళ్లే. బీచ్‌లో తప్పు లేనిది బీచ్ దాటాక తప్పవుతుంది. చాలామంది ఇరుక్కునేది సరిగ్గా ఆ మధ్య దారిలోనే. నీళ్లలోంచి లేచి, టవల్ భుజాన వేసుకుని, చల్లగా ఏదైనా తాగుదామని రోడ్డు దాటి కొట్లోకి వెళ్తారు. సెలబ్రిటీల ఫొటోలు కూడా ఎక్కువగా ఈ మధ్య దారుల్లోనే దొరుకుతాయి: పడవ రేవు, హోటల్ గుమ్మం, రెస్టారెంట్ నుంచి కారు దాకా.

ఇక చర్చిల గడప. వాటికన్‌లో సెయింట్ పీటర్స్, వెనిస్‌లో సెయింట్ మార్క్స్, రెండు చోట్లా భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి, ఆడామగా ఇద్దరికీ. ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: ఎండలో గంటసేపు క్యూలో నిలబడ్డాక గుమ్మం దగ్గర ఆపేస్తారు. వెనక్కెళ్లి బట్టలు మార్చుకొస్తే క్యూ మళ్లీ మొదటి నుంచి.

బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ ఇంకా కచ్చితం. నిక్కర్లు, స్లీవ్‌లెస్, చిరుగుల జీన్స్, ఒళ్లు కనబడే బట్టలు, ఒంటికి అతుక్కునే లెగ్గింగ్స్, ఏవీ చెల్లవు. స్లీవ్‌లెస్ మీద చున్నీ కప్పుకుంటే సరిపోతుందనుకుంటారు, అక్కడి కాపలావాళ్లు దాన్ని తరచూ ఒప్పుకోరు. చేతులున్న చొక్కానే వేసుకోవాలి. చిరుగుల జీన్స్ వేసుకుని వెళ్లి, బయట దుకాణాల్లో ఏనుగు బొమ్మల పైజామా కొనుక్కుని పైన తొడుక్కోవడం అక్కడ రోజూ కనిపించేదే. థాయ్‌లాండ్‌లో ప్రవర్తన విషయంలో మూడు గుర్తుంచుకోండి. బుద్ధుడి వైపు కాళ్లు చాపకూడదు, ఆడవాళ్లు భిక్షువులను తాకకూడదు, గుళ్లో వెకిలి ఫొటోలు వద్దు. 2017లో వాట్ అరుణ్ గుడి దగ్గర ప్యాంట్లు దించి ఫొటో దిగిన ఇద్దరు అమెరికన్లకు చెరో 5,000 బాత్ జరిమానా పడింది.

బాలీ మనవాళ్లకు అర్థం కావడం తేలిక, ఎందుకంటే పద్ధతి మనదే. గుడిలోకి లుంగీ లాంటి బట్ట, నడుముకు కండువా లాంటి పట్టీ, ఇద్దరికీ. దాన్నే వాళ్లు సరోంగ్, సెలెండాంగ్ అంటారు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు గుడి లోపలికి వెళ్లకూడదన్న బోర్డులు కూడా కనిపిస్తాయి. పెద్ద గుళ్ల దగ్గర సరోంగ్ అద్దెకో ఉచితంగానో దొరుకుతుంది గానీ, పూర్ణా మార్కెట్‌లో దొరికే రెండు మీటర్ల కాటన్ లుంగీ, ఇంట్లో ఉన్న కండువా తీసుకెళ్తే సరిపోతుంది. లుంగీని నిక్కరు మీదే చుట్టేయొచ్చు, కాళ్లు కప్పేలా ఉండాలి. నడుము పట్టీ లేకుండా ఉత్త లుంగీతో వెళ్తే కూడా ఆపుతారు, చాలామంది మర్చిపోయేది ఆ పట్టీనే.

బాలీలో జంటలు గమనించాల్సిన కేసు 2022 మే నెలది. తబానన్‌లో 700 ఏళ్ల నాటిదిగా పూజించే చెట్టును ఆనుకుని ఒక రష్యన్ మహిళ నగ్నంగా దిగిన ఫొటో వైరల్ అయింది. దేశం నుంచి పంపించేసింది ఆమెనొక్కదాన్నే కాదు, ఫొటో తీసిన భర్తను కూడా. కెమెరా వెనక ఉన్నాను కాబట్టి నాకేం కాదు అనుకోవడానికి లేదన్నమాట. 2019లో ఉబుద్‌లో గుడి పవిత్ర జలంతో వెకిలి వేషాలు వేసిన చెక్ జంట మాత్రం క్షమాపణ చెప్పి, శుద్ధి పూజలో కూర్చుని బయటపడ్డారు. 2023 నుంచి బాలీ గవర్నర్ పర్యాటకులకు చేయాల్సినవి, చేయకూడనివి రాతపూర్వకంగా పెట్టారు. 2024 ఫిబ్రవరి 14 నుంచి మనిషికి లక్షా 50 వేల రూపయ్యాల (ఇండోనేషియా డబ్బు) సుంకం ఉంది, అది మన డబ్బుల్లో 800 రూపాయల చిల్లర. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో కట్టేయడం మేలు.

దుబాయ్, అబుదాబి విషయంలో భయం ఎక్కువ, అవగాహన తక్కువ. హోటల్ పూల్‌లో, బీచ్‌లో ఈత దుస్తులకు అభ్యంతరం లేదు. మాల్‌లో భుజాలు, మోకాళ్లు కప్పుకోమని రాసి ఉంటుంది. భార్యాభర్తలు చెయ్యి పట్టుకుని నడిస్తే ఎవరూ ఏమీ అనరు. ముద్దు దగ్గరే సమస్య మొదలవుతుంది, అదీ ఎవరైనా ఫిర్యాదు చేస్తే. 2010లో దుబాయ్‌లో ఒక రెస్టారెంట్‌లో ముద్దు పెట్టుకున్నారని ఇద్దరు బ్రిటిష్ వాళ్లకు నెల రోజుల జైలు పడింది. పోలీసులు గస్తీలో చూసి పట్టుకున్న కేసు కాదది, అక్కడే పిల్లలతో ఉన్న ఒకావిడ ఫిర్యాదు చేసింది. అందుకే పక్క టేబుల్ దగ్గర కుటుంబం ఉందా అన్నది అక్కడ మీ బట్టల కంటే ముఖ్యం.

అబుదాబి షేక్ జాయెద్ మసీదులో పద్ధతి వేరు. ఆడవాళ్లు తల, మణికట్టు దాకా చేతులు, చీలమండ దాకా కాళ్లు కప్పుకోవాలి. మగవాళ్లకు నిక్కరు పనికిరాదు. చేతులు పట్టుకోవడం, మీద చెయ్యి వేసి ఫొటో దిగడం కూడా అక్కడ కుదరదు. కొత్త జంటలు పదేపదే హెచ్చరిక వినేది ఇక్కడే. 2013లో గాయని రిహానాను ఆ ఆవరణలోంచి వెళ్లిపొమ్మన్నప్పుడు ఆమె తల నుంచి కాలి దాకా నల్లబట్టల్లోనే ఉంది. వాళ్లు అభ్యంతరం చెప్పింది అక్కడ దిగిన ఫొటోల తీరుకు. నిండా కప్పుకున్నాం కదా అని ఫ్యాషన్ షూట్ లాగా ఫోజులు పెట్టొద్దని దీనర్థం. ఇంకోటి, మీ ఫొటోలో వెనకున్న అపరిచితుల మొహాలు పడకుండా చూసుకోండి. అక్కడి సైబర్ చట్టంలో అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీయడం, పోస్ట్ చేయడం పెద్ద జరిమానాలున్న నేరం.

మాల్దీవులు మీ జాబితాలో లేవు గానీ, చివరి నిమిషంలో మారేవాళ్లే ఎక్కువ కాబట్టి ఒక మాట. రిసార్ట్ దీవి బీచ్‌లో బికినీకి అభ్యంతరం లేదు. స్థానికులు ఉండే దీవిలో మాత్రం బికినీకి కేటాయించిన బీచ్‌లోనే. పూజకు వాడే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు, కస్టమ్స్‌లో ఆపుతారు. హ్యాండ్‌బ్యాగులో చిన్న వినాయకుడిని పెట్టుకునే అలవాటుంటే ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

విదేశంలో ఇలా తిరిగే జంటల మీద “ఇక్కడ కేసు పెట్టాలి” అనే కామెంట్ల గురించి కూడా అడిగారు. భారత పౌరులు విదేశంలో చేసిన పనికి ఇక్కడి చట్టం వర్తిస్తుంది, నిజమే. కానీ కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఇక్కడ విచారణ నడవదు. బహిరంగ అశ్లీలతకు మన దగ్గర ఉన్న సెక్షన్ (పాత ఐపీసీ 294, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 296) గరిష్ఠ శిక్ష మూడు నెలలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంత చిన్న సెక్షనే గానీ లాగితే ఎంత దూరం పోతుందో చూడండి: 2007లో ఢిల్లీలో వేదిక మీద హాలీవుడ్ నటుడు రిచర్డ్ గేర్ ముద్దు పెట్టినందుకు నటి శిల్పా శెట్టి మీద పెట్టిన కేసును ముంబై మేజిస్ట్రేట్ కొట్టేసేసరికి 2022 వచ్చింది. ఆమెను బాధితురాలిగానే చూడాలని అప్పటికి గానీ కోర్టు అనలేదు. ముద్దు పెట్టింది ఆయన, ఏళ్ల తరబడి కేసు మోసింది ఆమె. జంటల మీద వచ్చే విమర్శల్లో ఈ వాలు ఎప్పుడూ ఉంటుంది. వెనిస్ విషయంలోనూ చాలా కామెంట్లు బియాంకా బట్టల గురించే.

మీ ఫొటోలకు వస్తే, తిరిగొచ్చాక పోస్ట్ చేయండి. బీచ్ ఫొటో, గుడి ఫొటో ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టకండి, ట్రోలింగ్‌కు దొరికేది ఆ జతే. వాట్సాప్ స్టేటస్ పెట్టే ముందు ప్రైవసీలో ఎవరికి కనబడాలో ఒకసారి చూసుకోండి, బంధువుల గ్రూపుకు స్క్రీన్‌షాట్ వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. ఎవరైనా మార్ఫింగ్ చేస్తే కోపంలో బ్లాక్ చేసేయకండి. ముందు ఆ పోస్ట్ లింకు, ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాతే ఆ వేదికకు, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌కు ఫిర్యాదు. బ్లాక్ చేశాక ఆ పోస్ట్ మీకే కనబడదు, లింకు చేజారిపోతుంది.

బట్టల్లో ఒక పరీక్ష తప్పకుండా చేయండి. అద్దంలో నిండుగా కనిపించిన బట్ట ఫ్లాష్ పడగానే పలుచబడిపోతుంది. రెడ్ కార్పెట్ మీద తారలు తిట్లు తినే ఫొటోల్లో కొన్ని ఇలాంటివే: గదిలో దీపం కింద సరిగ్గానే ఉన్న బట్ట, కెమెరా వెలుతురులో మరోలా. రాత్రి గదిలో ఆరడుగుల దూరం నుంచి ఫోన్ ఫ్లాష్‌తో ఒకటి, పగలు కిటికీకి వీపు పెట్టి నిలబడి ఒకటి, రెండు ఫొటోలు తీసుకుని చూడండి. లేతరంగు బట్టల కింద తెల్ల లోదుస్తులు బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఒంటి రంగువి కనిపించవు. మన ఆర్.కె. బీచ్ అలవాటులో కాటన్ బట్టలతోనే నీళ్లలో దిగితే, తడిసిన లేతరంగు కాటన్ ఈత దుస్తుల కంటే ఎక్కువ చూపిస్తుంది. పైగా నూలు పోగులు ఫిల్టర్లో చిక్కుకుంటాయని చాలా హోటల్ పూల్‌లలో కాటన్‌తో దిగనివ్వరు. నైలాన్ లేదా పాలిస్టర్, ముదురు రంగు, మోకాలి దాకా ఉన్నదైనా సరే, అదే పట్టుకెళ్లండి.

మీ స్లీవ్‌లెస్‌లు పెట్టుకోండి, ప్రతిదానికీ జతగా పలుచటి పొడుగు చేతుల చొక్కా ఒకటి చేతిసంచిలో ఉంచుకుంటే చాలు. గుమ్మాల దగ్గర మగవాళ్లనూ ఆపుతారు, నిక్కరు వల్ల. కాబట్టి మీ అత్తగారు వాళ్లబ్బాయి సంచి కూడా తనిఖీ చేయాలి. మోకాలి దగ్గర జిప్‌తో విడిపోయే ప్యాంటు ఒకటి కొనివ్వండి, విప్పిన కాళ్ల ముక్కలు రెండూ హోటల్లో వదిలేయకుండా వెంట ఉంచుకోమని చెప్పండి.