చూపు ఎక్కడ ఆగుతుంది?

చిరంజీవి హారికకు,

పోటీకని రాసిన నీ కథ చదివాను. సంభాషణలు బాగున్నాయి. మూడో పేజీ దగ్గరే చిరాకేసింది. పెళ్లి గ్రూప్ ఫోటో చేతికి రాగానే నీ నాయిక శారద అందరినీ చూసుకుంటూ వచ్చి, ఆఖరికి వెనక వరసలో తనను గుర్తుపట్టిందా? ఫోటో అందుకున్న ఎవరైనా ముందు వెతుక్కునేది తమ మొహమే. అది ఇట్టే దొరుకుతుంది కూడా. టాంగ్, నకయామా అనే పరిశోధకులు 1999లో మొహాల గుంపులో వెతికించి చూశారు. పరాయి మొహాన్ని వందలసార్లు చూపించి అలవాటు చేశాక కూడా సొంత మొహమే త్వరగా దొరికింది. వాక్యాన్ని తిరగెయ్యి. ముందు తను, తర్వాత ‘అయ్యో, కళ్లు మూశానే’, ఆ తర్వాతే పెళ్లికూతురు.

వీడియో ఇంటర్వ్యూ సంగతి వేరు. అక్కడ శారద తనను వెతుక్కోవడం లేదు. తెర మూల చిన్న గడిలో కనిపించే తన మొహం మెరుపులా చూపు లాగేసిందని రాశావు. 2009లో డెవ్యూ అనే పరిశోధకురాలి బృందం కంటి కదలికలు కొలిస్తే, సొంత మొహం చూపును ముందుగా లాగలేదు; పడ్డ చూపును మాత్రం ఎక్కువసేపు నిలిపింది. కనుక నువ్వు రాయాల్సింది ఆలస్యం. చూపు ఆ చిన్న గడిలోకి జారాలి, జారిన బొట్టు దగ్గర ఆగాలి, ప్రశ్నలో సగం చెవిన పడకుండా పోవాలి. కెమెరా పైన, గడి కింద కాబట్టి అవతలివాళ్లకు ఆమె కళ్లు దించుకున్నట్టు కనిపిస్తుంది. ‘వినిపిస్తోందామ్మా?’ అని వాళ్లచేత అడిగించు.

ఇక అద్దం. నాయిక రూపురేఖలు మొదటి పేజీలోనే పడాలని కొందరు సంపాదకులు పెట్టిన తద్దినం ఇది; నువ్వూ పేరా నిండా పెట్టావు. రోజూ చూసుకునే మొహాన్ని ఎవరూ నుదుటి నుంచి గడ్డం దాకా వర్ణించుకోరు. మొటిమ, కాటుక, చెదిరిన పాపిడి, ఏదో ఒక్క చోటే చూస్తారు. పైగా ‘అద్దంలో తన కళ్లు అటూ ఇటూ కదలడం గమనించింది’ అట! ఎడమ కంటి నుంచి కుడి కంటికి చూపు మార్చి చూడు, కదలిక కనబడదు. కన్ను దూకే ఆ క్షణంలో మెదడు చూపును అణిచేస్తుంది. ఫోన్ ముందు కెమెరాలో అయితే కనబడుతుంది, బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది గనక. ఆ వాక్యం ఉండాల్సిందే అంటే శారద చేతికి ఫోన్ ఇవ్వు.

పోటీ సంగతి తర్వాత. ముందు అద్దం పేరా కొట్టేసి, ఇంటర్వ్యూ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు